నీళ్ల లెక్క తేలాకే గోల్ఫ్ మైదానం గీత

ఒక ఎకరం నేల మీద ఒక్క మిల్లీమీటరు మందాన నీరు పరవాలంటే 4,047 లీటర్లు కావాలి. అనంతపురం ఎండకు, గాలికి పచ్చిక తట్టుకుని పచ్చగా నిలవాలంటే ఏడాది సగటున రోజుకు నాలుగు మిల్లీమీటర్ల దాకా తాగుతుంది. స్ప్రింక్లర్ చిమ్మిన నీటిలో గాలికి కొట్టుకుపోయేది, నేలను తాకకముందే ఆవిరయ్యేది, పక్కనున్న బాట మీద పడి వృథా అయ్యేది కలుపుకుంటే అయిదు. అంటే ఎకరానికి రోజూ సుమారు 20 వేల లీటర్లు. 18 గుంతల గోల్ఫ్ మైదానంలో వంద ఎకరాల దాకా పచ్చికను పెంచడం అమెరికా క్లబ్బుల్లో మామూలు విషయం. ఆ కొలతను అలాగే తెచ్చి అనంతపురం శివార్లలో పరిస్తే, వాన పడని ప్రతిరోజూ 20 లక్షల లీటర్లు పోయాలి. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అందాలన్నది దేశంలో పెట్టుకున్న ప్రమాణం. ఆ లెక్కన అది పద్నాలుగు వేల మందికి పైగా జనం ఒక రోజంతా వాడుకునే నీరు.

రాయలసీమలో ఏ ప్రైవేటు క్లబ్బయినా తన పాత గోల్ఫ్ మైదానాన్ని తిరిగి తీర్చిదిద్దాలనుకుంటే, గీయాల్సిన మొదటి కాగితం ఈ లెక్కది. ఆచారం మాత్రం దీనికి తలకిందులుగా ఉంటుంది. క్లబ్బు కమిటీలో చర్చ ఎక్కడ మొదలవుతుందో ఊహించడం కష్టం కాదు. ఫలానా నగరంలో చూసివచ్చిన కృత్రిమ సరస్సు, దాని పక్కన తెల్లటి ఇసుక గుంటలు, మైదానం పొడవు ఏడు వేల గజాలకు పెంచడం, భోజనశాల కిటికీలోంచి కనపడే చివరి గుంత అందం. ఇవన్నీ తేలాక నీటి సంగతి పంపుల కాంట్రాక్టరుకు అప్పజెబుతారు. ఈ ప్రాంతంలో ఇల్లు కట్టుకునే మామూలు మనిషి మాత్రం ముందు బోరు వేయించి, నీళ్లు పడ్డాకే పునాది తీస్తాడు. ఆ పాటి వరస 150 ఎకరాల క్లబ్బుకు తోచకపోవడం వింతే.

ఉదాహరణకు ఒక క్లబ్బును ఊహించుకుందాం. అనంతపురం దగ్గర 150 ఎకరాల స్థలం, పాతికేళ్ల కిందట వేసిన 18 గుంతలు, తుప్పుపట్టిన పైపులు, మచ్చలు మచ్చలుగా ఎండిన ఫెయిర్‌వేలు, వాన పడితే బురద, పడకపోతే రాయి అయిపోయే గ్రీన్లు. ఆట తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ఆటగాడు మొదటి దెబ్బ కొట్టే చదును తిన్నె టీ. అక్కడి నుంచి బంతి వెళ్లాల్సిన పొట్టి గడ్డి దారి ఫెయిర్‌వే. చివర జెండా, నాలుగుంపావు అంగుళాల వ్యాసమున్న గుంత, దాని చుట్టూ తివాచీలా కత్తిరించిన గడ్డి కలిసి గ్రీన్. దారి తప్పిన బంతి పడే పెరిగిన గడ్డి రఫ్. దారిలో అడ్డుగా తవ్వే ఇసుక గుంటలు బంకర్లు. టీ నుంచి గ్రీన్ దాకా ఉన్న ఈ మొత్తాన్నీ కలిపి కూడా ఒక గుంత అనే అంటారు.

ఇప్పుడు నీరు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. అనంతపురంలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆకాశం తిరిగి లాక్కునే శక్తి, అంటే ఆవిరి రూపంలో పోగలిగిన నీరు, దానికి మూడింతలకు పైనే. అయినా వాన నీటిని తక్కువ చేయనక్కర్లేదు. 150 ఎకరాల మీద 550 మిల్లీమీటర్లు కురిస్తే అది 33 కోట్ల లీటర్లు. అందులో పదో వంతు పారి చెరువుకు చేరుతుందనుకుంటే 3 కోట్ల 30 లక్షలు. వంద ఎకరాల పచ్చిక దాన్ని పదిహేడు రోజుల్లో తాగేస్తుంది. అదే పచ్చికను 40 ఎకరాలకు కుదిస్తే నలభై రోజులు దాటుతుంది. వాన మారలేదు, చెరువు మారలేదు. మారింది గడ్డి కొలత ఒక్కటే.

ఆ చెరువు లోతు కూడా లెక్కలోదే. తెరిచి ఉన్న నీటి మీద నుంచి రోజుకు ఆరు మిల్లీమీటర్లు ఆవిరవుతుందనుకున్నా, ఎకరం విస్తీర్ణంలో 24 వేల లీటర్లు పోతాయి. 3 కోట్ల 30 లక్షల లీటర్లను మూడు మీటర్ల లోతున దాచాలంటే దాదాపు పావు తక్కువ మూడెకరాల చెరువు కావాలి. ఆరు మీటర్ల లోతు తవ్వగలిగితే అందులో సగం విస్తీర్ణం చాలు. వాన రాని 150 రోజుల్లో మొదటిది కోటి లీటర్లు గాలికి వదిలితే, రెండోది యాభై లక్షలు వదులుతుంది. విశాలంగా, పలుచగా, తామరపూలతో మెరిసే సరస్సు ఫొటోకు బాగుంటుంది. ఈ ఎండకు పనికొచ్చేది మాత్రం ఇరుకైన, లోతైన, చూడటానికి అంత అందంగా లేని గుంట. అడుగున బండ తగిలితే తవ్వకం ఖర్చు పెరుగుతుంది కాబట్టి చోటు ఎంచుకునే ముందే పరీక్ష గుంతలు తీయాలి. ఎర్రనేల నీటిని ఇంకించేసుకుంటుంది కనుక అడుగున బంకమట్టి దిమ్మిసో, ప్లాస్టిక్ పొరో తప్పదు.

బోర్ల మాటకు వస్తే, ఈ జిల్లాలో దాని చరిత్ర అందరికీ తెలుసు. ఒకటి ఎండితే పక్కన మరొకటి, అది ఎండితే ఇంకా లోతుగా, ఆ వరసలో పొలాలే అమ్ముకున్నవాళ్లున్నారు. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కింద కొత్త బోరుకు అనుమతి కావాలి. అనుమతి దొరికినా, క్లబ్బు లోతుగా తోడే నీరు చుట్టుపక్కల రైతు బోరులోంచి వచ్చేదే. వేరుశనగకు ఒక్క తడి దొరకక చేను వదిలేసిన మనిషి కంచె అవతల నుంచి రాత్రంతా తిరిగే స్ప్రింక్లర్లను చూస్తూ ఊరుకోవాలని ఏ క్లబ్బూ ఆశించకూడదు. కాలువ నీటి మీద ఆశ పెట్టుకోవడమూ అలాంటిదే. తుంగభద్ర ఎగువ కాలువ, శ్రీశైలం జలాలను ఎత్తిపోసే హంద్రీ-నీవా ఈ ప్రాంతానికి ప్రాణం. వాటికి ఎదురుచూసే ఆయకట్టు, తాగునీటి అవసరాలు ముందే బారులు తీరి ఉన్నాయి. పైగా ఆ నీరు ఎప్పుడు ఎంత వస్తుందో ముందుగా చెప్పలేం. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మూడు రాష్ట్రాల రైతులు ఊపిరి బిగబట్టారు.

ఇక మిగిలింది, నిజానికి మొదట చూడాల్సింది, ఊరి మురుగునీరు. మనిషికి అందిన నీటిలో అయిదింట నాలుగు వంతులు మురుగుగా బయటికి వస్తాయన్నది ఇంజినీర్లు వాడే లెక్క. 40 ఎకరాల పచ్చికకు రోజుకు 8 లక్షల లీటర్లు కావాలి. అంటే ఏడున్నర వేల మంది విడిచే మురుగును శుద్ధి చేస్తే చాలు. 2011 జనాభా లెక్కల్లోనే రెండున్నర లక్షలు దాటిన అనంతపురానికి ఇది పెద్ద సంఖ్య కాదు. ఈ నీటిలో మిగిలే నత్రజని, భాస్వరం గడ్డికి ఎరువుగా పనికొస్తాయి కూడా. చిక్కు ఉప్పుతో. మురుగును శుద్ధి చేసినా కరిగిన లవణాలు పోవు. వాటితో పాటు సోడియం నేలలో పేరుకుంటే మట్టి రేణువులు విడిపోయి, పైన గట్టి పొర కట్టి, నీరు దిగడం మానేస్తుంది. దీనికి మందు ఈ జిల్లా రైతుకు కొత్త కాదు, జిప్సమే. వేరుశనగ పూత దశలో ఎకరాకు 200 కిలోల చొప్పున వేసేది కాయ గట్టిపడటానికి కావలసిన కాల్షియం కోసం. ఇక్కడ అదే కాల్షియం సోడియాన్ని పక్కకు నెట్టి నేలను మళ్లీ గుల్ల చేస్తుంది. అయితే నెట్టిన ఉప్పు కిందికి పోవడానికి దారి ఉండాలి. ఆ దారి సంగతి తర్వాత.

గొట్టం ఎవరి ఖర్చుతో వేయాలి, శుద్ధి ఏ స్థాయి దాకా, ఎన్నేళ్ల ఒప్పందం అన్నవి నగర పాలక సంస్థతో మాట్లాడుకోవాల్సినవి. ఆ మాటలకు ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. అందుకే అవి డిజైనరును పిలవకముందే మొదలు కావాలి.

కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక చెరువు ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని మరో పేరు, దాన్ని తవ్వించి 1369లో శాసనం వేయించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను ఆ శాసనం లెక్కపెట్టి చెబుతుంది. దోషాల్లో కట్ట నుంచి నీరు ఊరడం ఒకటి, చవుడు నేల ఒకటి, చెరువు నడుమ మెరక ఉండటం ఒకటి. వాటితో పాటే నీరు తక్కువై, తడపాల్సిన నేల ఎక్కువ కావడాన్నీ దోషంగానే చెప్పింది. ఎవరి నేల విస్తీర్ణాన్ని వాళ్ల నీటికి సరిపెట్టుకోమన్న ఆ లెక్క ఆరున్నర శతాబ్దాల నాటిది. గోల్ఫ్ మైదానాల నిర్మాణంలో ఇప్పుడు అదే ఆధునిక ధోరణిగా చెలామణీ అవుతోంది.

అమెరికాలో పైన్‌హర్స్ట్ నంబర్ 2 మైదానం దానికి పేరున్న ఉదాహరణ. 2010-11లో డిజైనర్లు బిల్ కూర్, బెన్ క్రెన్‌షా దాన్ని పునరుద్ధరించినప్పుడు దాదాపు 35 ఎకరాల నీటి పచ్చికను పెరికేసి, ఇసుక నేలనూ సహజంగా మొలిచే గడ్డి దుబ్బులనూ తిరిగి బయటపెట్టారు. 1,150 దాకా ఉన్న స్ప్రింక్లర్లు 450కి తగ్గాయి. చూడటానికి మోటుగా ఉందన్నవాళ్లు ఉన్నారు. 2014లో పురుషుల, మహిళల యూఎస్ ఓపెన్ పోటీలు రెండూ వరుస వారాల్లో అక్కడే జరిగాయి. ఇంగ్లండ్‌లోని హాయ్‌లేక్ మైదానం 2006 బ్రిటిష్ ఓపెన్ పోటీ నాటికి ఎండి గోధుమ రంగుకు తిరిగింది. టైగర్ వుడ్స్ ఆ గట్టి నేల మీద బంతి ఎంత దూరం దొర్లుతుందో లెక్కగట్టి, అన్నిటికన్నా దూరం కొట్టే డ్రైవర్ కర్రను నాలుగు రోజుల్లో ఒక్కసారే వాడి గెలిచాడు. ఈ ఆట పుట్టింది స్కాట్లండ్ సముద్రతీరపు ఇసుక దిబ్బల మీద. వేసవిలో గడ్డి ఎండటం అక్కడ లోపం కాదు, ఆటలో భాగం. ఏడాది పొడవునా పచ్చగా మెరవాలన్న పట్టుదల టీవీ వచ్చాక వచ్చింది.

మరి 150 ఎకరాల్లో తడపాల్సింది ఎంత? గ్రీన్లన్నీ కలిపినా మూడు ఎకరాలు మించవు. టీలు మరో మూడు. ఫెయిర్‌వేలు ముప్పై ఎకరాలు. అంచులు, సాధన స్థలం కలుపుకుంటే నలభై. మిగతా అంతా రఫ్, చెట్లు, ఖాళీ జాగా. నీటి బిల్లు కడుతున్నది ఎవరూ బంతి కొట్టాలనుకోని చోటుకన్నమాట. అక్కడ తడి మానేస్తే ఎడారి అవుతుందన్న భయం ఈ నేలను చూడనివాళ్లది. కర్నూలు ప్రాంతంలోని రోళ్లపాడును బట్టమేక పిట్ట కోసం అభయారణ్యంగా చేసింది అక్కడి పొడి గడ్డిభూములను చూసే. వానకు పచ్చబడి, పుష్యమాసానికి బంగారు రంగు తిరిగి, కృష్ణజింకలు తిరిగే ఆ దృశ్యమే ఈ ప్రాంతపు సహజ రూపం. బోద, చెంగలి లాంటి స్థానిక గడ్డి మధ్య పచ్చటి ఫెయిర్‌వే పారినప్పుడు వచ్చే అందం, అంతా పచ్చగా ఉంటే రాదు.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి, రెండూ నిజమైనవే. దట్టంగా పెరిగిన గడ్డిలో బంతులు పోతాయి, ఆట నత్తనడక అవుతుంది. రెండోది పాములు. మోకాలెత్తు గడ్డిలో బంతి కోసం చెయ్యి పెట్టమని రాయలసీమ మనిషికి చెప్పలేం. కాబట్టి ఫెయిర్‌వే అంచు నుంచి పదిహేను గజాల దాకా గడ్డిని పలుచగా, చీలమండ ఎత్తులో ఉంచి, దట్టమైన దుబ్బులను ఆటకు దూరంగా నెట్టాలి. తడి లేకపోతే గడ్డి ఎటూ పలుచగానే ఉంటుంది. ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది సర్కారు తుమ్మ మీద. వదిలేసిన ప్రతి జాగానూ అది ఆక్రమిస్తుంది.

పొడవు పెంచాలన్న కోరికనూ ఇదే కొలబద్దతో చూడాలి. మొత్తం మీద 300 గజాలు పెంచి, ఆ మేరకు 35 గజాల వెడల్పున ఫెయిర్‌వే వేస్తే రెండెకరాలకు పైగా కొత్త పచ్చిక, రోజుకు 43 వేల లీటర్లు. అది ఉపయోగపడేది క్లబ్బులో అయిదారుగురు యువకులకు. దానికి బదులు ముందువైపు కొత్త టీలు వేస్తే అరవై దాటిన సభ్యులూ, మహిళలూ, పిల్లలూ ఆడగలుగుతారు. అసలు ఇంకో అడుగు ముందుకేసి అడగాల్సిన ప్రశ్న, ఈ క్లబ్బుకు 18 గుంతలు కావాలా అని. ఆ సంఖ్యకు పవిత్రత ఏమీ లేదు. సెయింట్ ఆండ్రూస్‌లో ఒక రౌండుకు 22 గుంతలు ఆడేవారు, 1764లో కొన్నింటిని కలిపేస్తే 18 అయ్యాయి. పెద్ద నగరాల్లోని క్లబ్బుల కన్నా సభ్యుల సంఖ్య తక్కువగా ఉండే చోట, రెండు వేర్వేరు టీల నుంచి రెండుసార్లు ఆడేలా మలచిన తొమ్మిది మంచి గుంతలు, సగం ఎండిన పద్దెనిమిది కన్నా మేలు. ఈ మాట సర్వసభ్య సమావేశంలో పైకి అనడానికి గుండె ధైర్యం కావాలి, అది వేరే సంగతి.

నేల కింద పని

కంటికి కనపడనిదానికి సభ్యులు ఓటు వేయరు. పునరుద్ధరణలో డబ్బు ఎక్కువగా పోవాల్సింది మాత్రం అక్కడే. గ్రీన్ నిర్మాణానికి ప్రపంచమంతా వాడే పద్ధతిని అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ 1960లో ప్రచురించింది, తర్వాత పలుమార్లు సవరించింది. అడుగున కాలువల్లో చిల్లుల పైపులు, వాటి మీద నాలుగు అంగుళాల కంకర, దాని మీద పన్నెండు అంగుళాల మేర ఎంచిన ఇసుక. వెనకటి ఇళ్లలో ఇసుక, గులకరాళ్లు పోసి ఒకదాని మీద ఒకటి పేర్చిన వడపోత కుండలు గుర్తున్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఇందులో కిటుకు ఏమిటంటే, సన్నటి ఇసుకలోని నీరు ముతక కంకరలోకి వెంటనే జారదు. ఇసుక అడుగు భాగం బాగా తడిసి బరువెక్కేదాకా అక్కడే వేలాడుతుంది. వేరుకు అందేలా కొంత తడి నిలుస్తుంది, మించినదంతా దిగిపోతుంది. పన్నెండు అంగుళాల బదులు తొమ్మిదే పోస్తే తడి మరీ పైకి వచ్చి వేరు కుళ్లుతుంది. పదహారు పోస్తే పైన ఎండిపోతుంది. కాంట్రాక్టరు ఇసుకలో మిగుల్చుకోవాలని చూసే మూడు అంగుళాలు పదేళ్ల తలనొప్పి అవుతాయి.

వాన తక్కువ పడే చోట ఇంత డ్రైనేజీ ఎందుకని అడగడం సహజం. రెండు కారణాలున్నాయి. ఇక్కడ వాన తక్కువే గానీ పడ్డప్పుడు కుండపోతగా పడుతుంది, ఎక్కువ భాగం ఆగస్టు నుంచి అక్టోబరు లోపే. ఇక రెండోది, ఇందాక వాయిదా వేసిన ఉప్పు సంగతి. బోరు నీరైనా, మురుగు నుంచి వచ్చినదైనా, రోజూ కొంత ఉప్పును గ్రీన్‌లో వదిలి తాను ఆవిరైపోతుంది. అప్పుడప్పుడు ఎక్కువ నీరు పెట్టి ఆ ఉప్పును కడిగి కిందికి పంపాలి. కింద దారి లేకపోతే కడిగిన ఉప్పు మళ్లీ పైకే వస్తుంది. కరవు నేలలో డ్రైనేజీ ఉన్నది ప్రధానంగా వాన కోసం కాదు, ఉప్పు కోసం.

నేల రకం మారితే లెక్కలూ మారతాయి. అనంతపురంలో ఎక్కువ భాగం గులకతో కూడిన పలుచటి ఎర్రనేల. నీరు దిగుతుంది, నిలవదు, వాలు మీద కోసుకుపోతుంది. అదే క్లబ్బు నంద్యాల వైపో తాడిపత్రి దగ్గరో నల్లరేగడిలో ఉంటే తంతు వేరు. తడిస్తే ఉబ్బి, ఎండితే చెయ్యి పట్టేంత పగుళ్లిచ్చే ఆ నేల పైపు అతుకులను విడదీస్తుంది, చదును చేసిన టీని రెండేళ్లలో అలలు అలలుగా చేస్తుంది. అక్కడ ఫెయిర్‌వే మీద కూడా ఇసుక పొర పరవక తప్పదు. కాబట్టి పక్క జిల్లా క్లబ్బుకు చేసిన అంచనాను పేరు మార్చి వాడుకోవడం ప్రమాదం.

ఇసుక దొరకడం మరో గండం. నది ఇసుక మీద ఆంక్షలు, ధర రెండూ ఉన్నాయి. దొరికినా అది నునుపు తేలిన గుండ్రటి రేణువు. బంకర్‌లో పోస్తే బంతి అందులో కూరుకుపోతుంది, గట్టు మీద నిలవక జారిపోతుంది. క్వారీల నుంచి వచ్చే రోబో ఇసుక కోణాలు కోణాలుగా ఉండి బాగానే నిలుస్తుంది గానీ, అందులోని దుమ్మును కడిగి తీయకపోతే మొదటి వానకే సిమెంటులా బిగుస్తుంది. ఏదైనా కొనేముందు జల్లెడ పరీక్ష చేయించాలి. రేణువుల్లో అధిక భాగం పావు మిల్లీమీటరుకూ ఒక మిల్లీమీటరుకూ మధ్య ఉండాలి. తెల్లటి పలుగురాతి పొడి మీద మోజు పడేవాళ్లు మే నెల మధ్యాహ్నం దాని పక్కన ఒక గంట నిలబడి చూడటం మంచిది. అన్నిటికన్నా చవకైన ఉపాయం బంకర్ల సంఖ్య తగ్గించడం. ఎనభై ఉంటే నలభై చాలు. వాటి ఇసుక ఎటూ అయిదు నుంచి ఏడేళ్లకు మార్చాల్సిందే.

గడ్డి విషయంలో రాయలసీమకు ఒక పరిహాసం ఉంది. వేరుశనగ చేలో రైతు ఎంత పీకినా చావని కలుపు, వినాయక చవితి నాడు దూర్వాయుగ్మమని పూజలో పెట్టే గరిక, గోల్ఫ్ మైదానాల్లో లక్షలు పోసి పెంచే బెర్ముడా, ఇవన్నీ ఒక్కటే జాతి. అమెరికాలోని జార్జియా రాష్ట్రం టిఫ్టన్ ఊళ్లో ఈ గరికను ఆఫ్రికా గరికతో సంకరం చేసి పుట్టించిన రకాల్లో 1960లో విడుదలైన టిఫ్‌వే 419ను ఫెయిర్‌వేలకూ, 1965 నాటి టిఫ్‌డ్వార్ఫ్ లాంటివాటిని గ్రీన్లకూ వాడుతున్నారు. ఈ సంకరాలకు విత్తనం ఉండదు, తీగ ముక్కలు నాటాలి. అందువల్ల నారు ఎక్కడిది అన్నది కీలకం. పాత మైదానం నుంచి తెచ్చిన తీగలో స్థానిక గరిక కలిసి ఉంటే మూడో ఏటికల్లా గ్రీన్ మీద ముదురు, లేత మచ్చలు తేలతాయి, బంతి ఒక్కో మచ్చ మీద ఒక్కోలా దొర్లుతుంది. నీరు మరీ ఉప్పగా ఉన్నచోట పాస్పాలం అనే మరో రకం గడ్డి తట్టుకుంటుంది. కానీ ఉప్పును తట్టుకోవడం వేరు, దాహాన్ని తట్టుకోవడం వేరు. ఆ రెంటినీ ఒకటిగా చూపి అమ్మేవాళ్లతో జాగ్రత్త.

పని క్యాలెండర్‌ను వాన నిర్ణయిస్తుంది. మట్టి పని, పైపులు, డ్రైనేజీ జనవరి నుంచి మే లోపు. నాటు జూన్ నుంచి ఆగస్టు మొదటి వారాల దాకా. ఈ నెలల్లోనే రామగిరి గాలిమరలను తిప్పే నైరుతి గాలి అనంతపురం మీద విసురుగా వీస్తుంది. లేత తీగ ముక్కను రెండు గంటల్లో ఎండగొట్టగలదు. మొదటి మూడు వారాలు రోజుకు అయిదారుసార్లు పలుచగా తడపాల్సి వస్తుంది, అంటే మైదానం జీవితంలో నీటి అవసరం అత్యధికంగా ఉండేది అప్పుడే. ఆ వేళకు చెరువు నిండి ఉండాలి, కానీ వాన ఎక్కువగా వచ్చేది సెప్టెంబరులో. కనుక చెరువు, మురుగునీటి గొట్టం ముందు ఏడాదే పూర్తై, ఒక వానాకాలం నీటిని పట్టి ఉంచాక, తర్వాతి జూన్‌లోనే గడ్డి జోలికి వెళ్లాలి. రెండేళ్ల పని ఒకే ఏడాదిలో చేస్తామన్న హామీ ఎవరిచ్చినా వాళ్లు ఈ గాలిని చూడలేదనుకోవచ్చు.

మొత్తం ఒకేసారి మూయాలా, తొమ్మిదేసి గుంతల చొప్పునా అన్నదానికి ఒకే జవాబు లేదు. రెండు దఫాలుగా చేస్తే ఆట ఆగదు, చందాలూ ఆగవు. కానీ యంత్రాలు రెండుసార్లు రావాలి, రెండు బ్యాచుల ఇసుక, రెండు వయసుల గడ్డి వస్తాయి. నీరు తక్కువున్న చోట మాత్రం సగం సగం చేయడమే క్షేమం. నాటు దశ దాహం సగానికి తగ్గుతుంది, మొదటి సగంలో చేసిన తప్పులు రెండో సగంలో పునరావృతం కావు.

అమెరికా గోల్ఫ్ ఆర్కిటెక్టుల సంఘం ఏ భాగం ఎన్నేళ్లు మన్నుతుందో ఒక పట్టిక వేసింది. గ్రీన్లు 15 నుంచి 30 ఏళ్లు, పంపింగ్ స్టేషన్ 15 నుంచి 20, నీటి పైపులు 10 నుంచి 30. పాతికేళ్ల మైదానంలో ఇవన్నీ దాదాపు ఒకేసారి చేతులెత్తేస్తాయని దానర్థం. ఏటా కొంత పక్కన పెట్టని క్లబ్బు ఆ రోజున సభ్యుల మీద ఒక్కసారిగా భారం మోపాల్సి వస్తుంది, సమావేశం రసాభాస అవుతుంది, మధ్యేమార్గంగా గ్రీన్లు మాత్రం చేసి పైపులు వదిలేస్తారు. మూడేళ్లకు పైపు పగిలినప్పుడు కొత్త గ్రీన్‌ను తవ్వుతారు. డబ్బు సగమే ఉంటే పైపులు, డ్రైనేజీ, చెరువు పూర్తిచేసి, గ్రీన్లను పాతగానే ఇంకో మూడేళ్లు ఉంచడం సరైన క్రమం. సభ్యులకు అది నచ్చదు. అందుకే దశలవారీ ప్రణాళికను ఒకేసారి సర్వసభ్య సమావేశంలో తీర్మానంగా ఆమోదించి, కమిటీ మారినా వరస మారకుండా కట్టుదిట్టం చేసుకోవాలి. ఎన్నికైన ప్రతి కొత్త అధ్యక్షుడూ తనకిష్టమైన ఒక బంకర్‌ను తవ్వించడం క్లబ్బులకు పాత జబ్బు.

డిజైనరుకు ఇచ్చే రుసుములో కొంత భాగమైనా మాలీలతో, ఆటగాళ్ల కర్రల సంచి మోసే క్యాడీలతో మాట్లాడటానికి పెట్టే సమయానికి దక్కాలి. వానకు ఏ గ్రీన్ వెనక నీరు నిలుస్తుందో, ఏడో గుంత పక్కన పైపు ఎన్నిసార్లు పగిలిందో, ఏ చెట్టు నీడలో గడ్డి పట్టదో వాళ్లకు తెలిసినంత డ్రోన్ సర్వేకు తెలియదు. అదే సమయంలో, మూసివేత నెలల్లో క్యాడీకి రోజుకూలి ఆగిపోతుందన్నదీ బడ్జెట్‌లో ఒక పద్దు కావాలి. నాటు పని, కలుపు తీత, ఇసుక పరచడం వాళ్లకే ఇస్తే బెంగళూరు బస్సు ఎక్కకుండా నిలుస్తారు. లేదంటే మైదానం తెరిచే నాటికి దాన్ని ఎరిగిన మనుషులే ఉండరు.

పాత పైపులు ఎక్కడున్నాయో ఏ కాగితంలోనూ లేకపోవడం వల్లే ఇలాంటి క్లబ్బుల్లో మొదటి నెల అంతా గుడ్డిగా తవ్వడంతో గడిచిపోతుంది. అందుకని ఈసారి కాంట్రాక్టరు ఆఖరి బిల్లుకు ఒక షరతు పెట్టాలి. పూడ్చేముందు ప్రతి పైపు, వాల్వు, డ్రైనేజీ కాలువ ఫొటో తీసి, కొలతలతో పటం వేసి, మూడు ప్రతులు ఇచ్చేదాకా చివరి పది శాతం చెల్లించరాదు. ఒక ప్రతి కార్యాలయంలో, ఒకటి బ్యాంకు లాకరులో, మూడోది లామినేషన్ చేయించి మాలీల గదిలో.